వదిలేయడం తెలిసిన విద్య

1957 వసంతంలో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రసెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన మూడు నెలల కొడుకు ఫొటోను గుండ్రంగా తిరిగే డ్రమ్ముకు అంటించాడు. ఫొటో మీద పడి వెనక్కి వచ్చే వెలుతురును ఎదురుగా ఉన్న పరికరం కొలిచింది. అడ్డంగా 176, నిలువుగా 176 గళ్లు. ఒక్కో గడి నల్లగా ఉందా, తెల్లగా ఉందా అన్నంతవరకే నమోదు. మొత్తం 30,976 గళ్లు. అంతకు మించి దాచుకునే చోటు ఆ కంప్యూటరుకు లేదు. మధ్యలో ఉండే బూడిదరంగు ఛాయల కోసం నలుపు తెలుపుల హద్దును మార్చి మార్చి మళ్లీ స్కాన్ చేసి, వచ్చినవాటిని ఒకదానిపై ఒకటి పేర్చారు. కంప్యూటరులోకి అడుగుపెట్టిన తొలి ఫొటో అది.

అదే వసంతంలో, మార్చి 27న, తెలుగువాళ్ల ముందుకు ‘మాయాబజార్’ వచ్చింది. మార్కస్ బార్ట్లే కెమెరా పట్టిన ఆ సినిమాలోని ప్రతి మాయా ఫిల్ము మీద, రసాయనాలతో జరిగిందే. యాభై మూడేళ్ల తర్వాత, 2010 జనవరిలో, అదే సినిమా హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ చేతుల మీదుగా డిజిటల్‌గా మారి, రంగులద్దుకుని, స్కోప్ తెరకూ డీటీఎస్ ధ్వనికీ సర్దుకుని మళ్లీ థియేటర్లకొచ్చింది. ఒకప్పుడు 176 గళ్ల దగ్గర ఆగిపోయిన యంత్రాలు ఒక పూర్తి సినిమాను అంకెలుగా మింగి, మార్చి, తిరిగి ఇచ్చే స్థితికి చేరాయి.

ఈ రెంటి మధ్యకాలంలో వాడుకలోకొచ్చిన పదాలు ఇప్పుడు పల్లెటూరి కుర్రాడి నోట కూడా పలుకుతున్నాయి: పిక్సెల్, రిజల్యూషన్, ఫ్రేమ్‌రేటు, బిట్‌రేటు, కోడెక్, రెండరింగ్. వీటిని విడివిడిగా బట్టీ పడితే అయోమయమే మిగులుతుంది. అన్నిటినీ కలిపే దారం ఒకటుంది. లోకంలోని వెలుతురు, శబ్దం అనంతం. వాటిని అంకెల్లో పట్టాలంటే కొంత ఉంచాలి, ఎక్కువ వదలాలి. పైన చెప్పిన పదాలు చాలావరకు అలా వదిలేసే ఒక్కో పద్ధతికి పేర్లు.

స్కోప్ తెర సంగతే చూడండి. మాయాబజార్ కాలపు ఫిల్ము చట్రం వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. స్కోప్‌ది 2.35 రెట్లు. బొమ్మను సాగదీయకుండా ఒక చట్రంలోంచి మరోదాంట్లోకి తేవాలంటే పైనా కిందా కలిపి దాదాపు 42 శాతం కోసేయాలి. కిరీటం ఉండాలా, చేతిలోని గద ఉండాలా అని ప్రతి షాటుకూ ఎవరో ఒకరు తేల్చాలి. చట్రం వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న ఈ నిష్పత్తినే ఆస్పెక్ట్ రేషియో అంటారు. టీవీ కోసం అడ్డంగా తీసిన వీడియోను రీల్ కోసం నిలువుగా కోస్తే నష్టం ఇంకా పెద్దది. 16:9 బొమ్మలో మూడో వంతు కూడా మిగలదు. అందుకే అనుభవం ఉన్న కెమెరామెన్ రెండూ కావాలని ముందే తెలిస్తే మనిషిని చట్రం నడిమధ్యన నిలబెట్టి, చుట్టూ చోటు వదిలి తీస్తారు.

పిక్సెల్ అంటే గడి అని అందరికీ తెలుసు. ఆ గడిలో ఏముంటుందన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. మామూలు ఫొటోలో ఒక్కో గడికి మూడు అంకెలు: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. ఒక్కోదానికి 8 బిట్ల చోటు, అంటే 0 నుంచి 255 వరకు 256 మెట్లు. మూడూ కలిస్తే 1,67,77,216 రంగులు. వినడానికి ఎక్కువే. కానీ సాయంత్రపు ఆకాశం లాంటి చోట, ఒకే నీలం మెల్లమెల్లగా పలచబడేటప్పుడు, 256 మెట్లు చాలవు. మెట్టుకీ మెట్టుకీ మధ్య చారలు కనిపిస్తాయి. ఫొటోగ్రాఫర్లు ‘రా’ ఫైల్లో తీసేది ఇందుకే. అందులో 12 లేదా 14 బిట్లుంటాయి. 14 బిట్లంటే 16,384 మెట్లు. ముఖం మీద నీడ పడి నల్లబడినా లోపలి వివరం ఇంకా మిగిలి ఉంటుంది, తర్వాత పైకి తీసుకోవచ్చు.

కెమెరా సెన్సారు గురించి ఒక విషయం తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దానికి రంగులు తెలియవు, వెలుతురు ఎంతుందో మాత్రమే తెలుసు. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1970లలో దీనికొక ఉపాయం కనిపెట్టాడు. సెన్సారు గళ్ల మీద రంగు గాజుల జల్లెడ పరిచాడు: ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మన కన్ను వివరాన్ని పసిగట్టేది ఎక్కువగా ఆకుపచ్చ ప్రాంతపు వెలుతురులోనే కాబట్టి దానికి రెట్టింపు వాటా. ఒక గడిలో లేని మిగతా రెండు రంగులను ఇరుగుపొరుగు గళ్లను చూసి కంప్యూటరు ఊహిస్తుంది. అంటే చేతిలోని ఫోను తీసిన ఫొటోలో మూడింట రెండొంతుల రంగు సమాచారం లెక్కగట్టి పూరించినదే.

ఇప్పుడు అసలు చిక్కు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో 1920 × 1080, అంటే 20,73,600 పిక్సెళ్లు. పిక్సెల్‌కు మూడు బైట్లు. సెకనుకు 25 ఫ్రేములు. ఏమీ వదలకుండా దాచితే సెకనుకు 15.5 కోట్ల బైట్లు దాటిపోతాయి. గంటకు 560 జీబీ. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ఫోను ప్లాను పది సెకన్లలో ఖాళీ. అదే వీడియోకు యూట్యూబ్ సూచించే బిట్‌రేటు సెకనుకు 8 మెగాబిట్లు. లెక్కవేస్తే ప్రతి 155 బిట్లలో ఒక్కటి ఉంచి మిగతా 154 వదిలేయడమన్నమాట! అయినా చూసేవాడికి తేడా తెలియదు.

ఈ అద్భుతం వెనక ఉన్న గణితంలో ఒక తెలుగు ఇంటిపేరు కనిపిస్తుంది. బెంగళూరులో పుట్టి అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్న నాసిర్ అహ్మద్‌కు 1972లో ఒక ఆలోచన వచ్చింది. బొమ్మలోని గళ్ల విలువలను కొసైన్ తరంగాల మొత్తంగా రాస్తే చాలా తక్కువ అంకెల్లో ఇమిడిపోతుందని ఆయన నమ్మకం. పరిశోధనకు డబ్బివ్వమని నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు దరఖాస్తు పెట్టుకుంటే తిరస్కరించారు. ఆలోచన మరీ సులభంగా ఉందన్నది వచ్చిన అభ్యంతరాల్లో ఒకటి. ఆయన ఆగలేదు. తన విద్యార్థి నటరాజన్, టెక్సాస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్ శాఖలో పనిచేస్తున్న మిత్రుడు కామిశెట్టి రామమోహన్ రావులతో కలిసి 1974 జనవరిలో ఒక చిన్న పత్రం ప్రచురించాడు. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, పొట్టిగా డీసీటీ. జేపెగ్ ఫొటో, ఎంపెగ్ వీడియో, హెచ్.264 అన్నీ ఈ పునాది మీద లేచినవే. మద్రాసులో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లిన రామమోహన్ రావు 2021లో కన్నుమూశారు. ఆయన పాలుపంచుకున్న గణితం రోజూ కోట్లమంది తెలుగువాళ్ల ఫోన్లలో పనిచేస్తోంది. ఆయన పేరు మాత్రం మన పాఠ్యపుస్తకాలకు ఎక్కాల్సినంతగా ఎక్కలేదు.

అది పనిచేసే తీరు ఇది. ఫొటోను 8 × 8 గళ్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కలో 64 అంకెలు. డీసీటీ వాటిని మరో 64 అంకెలుగా మారుస్తుంది. ఇంతవరకు పోయిందేమీ లేదు. కానీ కొత్త 64లో మొదటిది ఆ ముక్క సగటు వెలుతురును చెబుతుంది. తర్వాతవి ముతక మార్పులను, చివరివి సన్నటి మార్పులను. గోడ, చెంప, ఆకాశం లాంటి చోట్ల ఆ చివరి అంకెలు దాదాపు సున్నాలు. అసలు వదిలేయడం జరిగేది ఆ తర్వాత: ఒక్కో అంకెనూ ముందే నిర్ణయించిన సంఖ్యతో భాగించి, దశాంశాలు వదిలి, దగ్గరి పూర్ణసంఖ్యకు సరిపెడతారు. సన్నటి మార్పులను పెద్ద సంఖ్యతో భాగిస్తారు కాబట్టి అవి సున్నాలైపోతాయి. వరుసగా వచ్చే సున్నాలను ‘ఇక్కడ ఇన్ని సున్నాలు’ అని ఒక్క మాటలో రాసుకోవచ్చు. ఫొటోషాప్‌లో జేపెగ్ దాచేటప్పుడు ‘క్వాలిటీ’ అని కనిపించే జారుడు మీట మార్చేది ఈ భాగించే సంఖ్యలనే.

ఊళ్లో జాతర పోస్టరు వాట్సాప్‌లో పది గ్రూపులు తిరిగేసరికి అక్షరాల చుట్టూ మురికి పట్టినట్టు కనిపించడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఎవరో స్క్రీన్‌షాట్ తీస్తారు, మరొకరు కొంచెం కోసి మళ్లీ పంపుతారు. అలా తిరగరాసిన ప్రతిసారీ మళ్లీ భాగహారం, మళ్లీ దశాంశాల నష్టం. గోడల మీదకంటే అక్షరాల మీద దెబ్బ ఎక్కువ. ఎందుకంటే నలుపు నుంచి తెలుపుకు ఒక్కసారిగా మారే అంచు నిండా సన్నటి మార్పులే. అక్షరాలున్న బొమ్మను పీఎన్‌జీగా దాచమని డిజైనర్లు చెప్పేది అందుకే. అందులో అంకె ఒక్కటి కూడా పోదు, ఫైలు మాత్రం బరువు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపితే అది కుదించకుండా వెళుతుంది.

వీడియోలో ఇంకో పొదుపుంది. వరుస ఫ్రేముల్లో చాలాభాగం మారదు. వార్తలు చదివే మనిషి వెనక గోడ అరగంటసేపు ఒకేలా ఉంటుంది. అందుకని వీడియోను కుదించి, మళ్లీ విప్పే కోడెక్ ఒక ఫ్రేమును పూర్తిగా దాచి, తర్వాతి ఫ్రేములకు ‘ఈ ముక్క ఇటు జరిగింది, ఆ ముక్క అలాగే ఉంది’ అని కదలికల చిట్టా మాత్రం రాసుకుంటుంది. పూర్తిగా దాచినది ఐ ఫ్రేము, వెనకటి ఫ్రేమును చూసి రాసినది పీ ఫ్రేము, ముందూ వెనకా రెండూ చూసి రాసినది బీ ఫ్రేము. 2003లో ప్రమాణమైన హెచ్.264, 2013 నాటి హెచ్.265, 2018లో వచ్చిన ఏవీ1 అన్నీ ఈ దారిలోవే. తర్వాతిది ముందుదానికంటే తక్కువ బిట్లతో అదే నాణ్యత ఇస్తుంది. బదులుగా ప్రాసెసర్‌కు పని పెంచుతుంది.

ఈ పొదుపు ఎక్కడ బెడిసికొడుతుందో తెలుసుకోవాలంటే పెళ్లి వీడియోలో తలంబ్రాల ఘట్టం చూడాలి. అప్పటిదాకా నిగనిగలాడిన బొమ్మ, దోసిళ్లలోంచి బియ్యం జారగానే గళ్లుగళ్లుగా చెదిరిపోతుంది. వందలాది గింజలు, థర్మాకోల్ పూసలు వేటికవే వేర్వేరు దిక్కుల్లో ఎగురుతాయి. ఏ ముక్క ఎటు జరిగిందో చిట్టా రాయడం అసాధ్యం. సెకనుకు కేటాయించిన బిట్లు మాత్రం అంతే. వాటిలో ఇమడ్చాలంటే భాగించే సంఖ్యను పెంచడం తప్ప కోడెక్‌కు దారి లేదు, పెంచగానే ముక్కల హద్దులు బయటపడతాయి. కెమెరాను, కెమెరామన్‌ను నిందించి లాభం లేదు. బిట్‌రేటును స్థిరంగా కాకుండా అవసరాన్నిబట్టి మారేలా పెట్టి, రెండు దఫాలుగా ఎన్‌కోడ్ చేయిస్తే మొదటి దఫాలో సాఫ్ట్‌వేర్ వీడియో మొత్తం చదివి, మంగళసూత్రధారణ తర్వాత బిట్లు ఎక్కువ కావాలని గుర్తుపెట్టుకుంటుంది.

రంగుల్లో వదిలేసేది వేరు. మన కన్ను వెలుతురు తేడాను పట్టుకున్నంత సన్నగా రంగు తేడాను పట్టుకోలేదు. మామూలు వీడియోల్లో కనిపించే 4:2:0 అన్న గుర్తుకు అర్థం ఇంతే: వెలుతురును ప్రతి పిక్సెల్‌కూ విడిగా రాస్తారు, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకేసారి. దీంతోనే సగం బరువు తగ్గిపోతుంది. ముఖాల్లో తేడా తెలియదు. కానీ నల్లటి నేపథ్యం మీద ఎర్రటి టైటిల్ వేస్తే అక్షరాల అంచులు పాకినట్టు కనిపిస్తాయి, తెల్లటి టైటిల్ పదునుగా ఉంటుంది. ఎరుపు కావాలనుకుంటే అక్షరం చుట్టూ తెల్లని సన్నగీత ఇవ్వడం టైటిళ్లు చేసేవాళ్ల అలవాటు.

ఎంపీ4 అంటే కోడెక్ అనుకోవడం బాగా వ్యాపించిన పొరపాటు. ఎంపీ4, ఎంకేవీ, ఎంఓవీ అన్నవి క్యారేజీలు. ఒక గిన్నెలో వీడియో, ఒక గిన్నెలో ఆడియో, మరో గిన్నెలో సబ్‌టైటిళ్లు. లోపల ఏ వంటకం ఉందో క్యారేజీ పేరు చెప్పదు. ‘ఎంపీ4యే కదా, టీవీలో ఎందుకు ఆడటం లేదు’ అన్న ప్రశ్నకు జవాబు సాధారణంగా ఇదే: లోపల హెచ్.265 ఉంటుంది, పాత టీవీకి హెచ్.264 మాత్రమే తెలుసు. వీఎల్‌సీలో ‘కోడెక్ ఇన్ఫర్మేషన్’ తెరిస్తే లోపలి సంగతి కనిపిస్తుంది.

ఆ వీఎల్‌సీ 1996లో ప్యారిస్ దగ్గరున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. దానికీ, వీడియో ఫైళ్లు మార్చే హ్యాండ్‌బ్రేక్‌కూ, ఎడిటింగ్ చేసే కేడెన్‌లైవ్‌కూ లోపల ఊపిరిగా పనిచేసేది ఎఫ్ఎఫ్ఎంపెగ్. ఫాబ్రీస్ బెలార్ అనే ఫ్రెంచి ప్రోగ్రామరు దాన్ని 2000లో మొదలుపెట్టాడు. దానికి బొత్తాలు లేవు, కిటికీలు లేవు. ఆజ్ఞ టైప్ చేయాలి. అయినా ప్రపంచంలో వీడియో మార్పిడి అనే పనిలో ఎక్కువ భాగం అది మోస్తోంది. ఒక క్యారేజీలోంచి మరో క్యారేజీలోకి గిన్నెలను యథాతథంగా మార్చడం దానికి క్షణాల్లో పని. అంకెల్ని ముట్టుకోదు కాబట్టి నాణ్యత తగ్గే ప్రశ్నే లేదు.

ఎడిటింగ్‌కు కూర్చున్నవాళ్లను విసిగించేది కూడా కదలికల చిట్టాయే. ఫోను వీడియోను టైమ్‌లైన్ మీద వెనక్కి జరిపితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అక్కడి ఒక్క ఫ్రేము చూపించాలంటే వెనకెక్కడో ఉన్న ఐ ఫ్రేము దాకా వెళ్లి, అక్కణ్నుంచి లెక్కలు కట్టుకుంటూ రావాలి మరి. రెండు దారులున్నాయి. ప్రతి ఫ్రేమునూ విడిగా దాచే ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌డీ లాంటి ఎడిటింగ్ కోడెక్‌లోకి ముందే మార్చుకోవడం ఒకటి. డిస్కు చాలా తింటుంది. తేలికపాటి నకలు తయారుచేసుకుని, దాని మీద కత్తిరింపులన్నీ చేసి, చివర్లో అసలు ఫైలుకు వర్తింపజేయడం రెండోది. ఆ నకలునే ప్రాక్సీ అంటారు. మామూలు ల్యాప్‌టాప్ మీద 4కే ఎడిట్ చేయాలనుకునే వాళ్లకు ప్రాక్సీని మించిన ఉపాయం లేదు.

ఫోను వీడియోతో ఇంకో తంటా: వెలుతురు తగ్గితే ఫోను చెప్పకుండా ఫ్రేమ్‌రేటు మార్చుకుంటుంది. సెకనుకు ఒకసారి 30, ఒకసారి 27. మైకులో విడిగా రికార్డు చేసిన మాట మొదట్లో పెదవులతో కలిసి, పది నిమిషాలకు తప్పుకుంటుంది. హ్యాండ్‌బ్రేక్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ పెట్టి ముందే మార్చుకుంటే ఆ గొడవ ఉండదు.

ఫ్రేమ్‌రేటు గురించి మన దేశానికి సంబంధించిన ముక్క ఒకటుంది. ఇక్కడి కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, అమెరికాలో 60. పాత ట్యూబ్‌లైటు, చవకరకం ఎల్‌ఈడీ బల్బు మన ఇళ్లలో సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కన్ను పట్టుకోలేదు, కెమెరా పట్టుకుంటుంది. షట్టరు 1/60 దగ్గర ఉంటే వీడియోలో చారలు పైకీ కిందికీ పాకుతాయి. 1/50 లేదా 1/100కు మారిస్తే మాయమవుతాయి. 1982లో రంగులతో వచ్చిన దూరదర్శన్ సెకనుకు 25 ఫ్రేముల పద్ధతిని పాటించడానికీ ఈ 50కీ సంబంధముంది. సినిమావాళ్ల 24 మాత్రం టాకీలు వచ్చిన 1920ల చివర్లో స్థిరపడింది. ధ్వని ఫిల్ము అంచు మీదికి ఎక్కాక వేగం ఏదో ఒకచోట నిలబడక తప్పలేదు.

ధ్వనిలోనూ వదిలేయడమే. మైకు ఇచ్చే తరంగాన్ని సెకనుకు ఇన్నిసార్లని కొలిచి రాస్తారు. అది శాంప్లింగ్ రేటు. మనిషి చెవి దాదాపు 20,000 హెర్ట్‌జ్ దాకా వింటుంది. ఒక తరంగాన్ని నిజాయితీగా తిరిగి నిర్మించాలంటే దాని ఆవృత్తికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. అంటే 40,000కు పైన. మరి 1982లో సీడీకి 44,100 అనే వింత అంకె ఎందుకొచ్చింది? అప్పట్లో డిజిటల్ ధ్వనిని దాచడానికి వీడియో టేపే ఆధారం. టేపు మీద ఒక్కో గీతలో మూడు కొలతలు పట్టేవి. అమెరికా పద్ధతిలో సెకనుకు 60 ఫీల్డులు, ఒక్కోదాంట్లో వాడుకోగల గీతలు 245: మూడూ గుణిస్తే 44,100. ఐరోపా పద్ధతిలో 50 ఫీల్డులు, 294 గీతలు: అదీ 44,100. రెండు లోకాలకూ కుదిరిన అంకె అలా నిలిచిపోయింది. వీడియో రంగం మాత్రం 48,000 వాడుతుంది. ఈ రెండిటినీ సాఫ్ట్‌వేర్ పొరబడి కలిపితే, 44,100 పాట 48,000గా వాయిస్తే, మూడు నిమిషాల పాట రెండు నిమిషాల 45 సెకన్లలో ముగుస్తుంది, శ్రుతి ఒకటిన్నర స్వరస్థానం దాకా పెరుగుతుంది. సంగీతం వచ్చినవాళ్లు మొదటి పల్లవిలోనే పట్టేస్తారు.

రికార్డింగులో మరమ్మతుకు లొంగని తప్పు క్లిప్పింగ్. డిజిటల్ మీటరులో సున్నా డెసిబెల్ పైకప్పు. గొంతు దాన్ని తాకితే తరంగం తల తెగిపోతుంది, తెగినచోట ఏముండేదో ఎక్కడా రాసి ఉండదు. మామూలు మాట మైనస్ 12 దగ్గర, కేకలు మైనస్ 6 దగ్గర ఉండేలా పెట్టుకుంటే సురక్షితం. హోరు, ఫ్యాను శబ్దం అంత ప్రమాదకరం కావు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలై 2000లో విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ వాటిని బాగానే తగ్గిస్తుంది. దానికి కావలసిందల్లా ఎవరూ మాట్లాడని అయిదు సెకన్ల గది శబ్దం. ఆ ముక్కను చూపించి ‘ఇదే హోరు’ అని నేర్పితే మిగతా రికార్డింగంతటా దాన్ని వెతికి తగ్గిస్తుంది. ఊళ్లలో ముసలివాళ్ల దగ్గర పాటలు, కథలు రికార్డు చేసేవాళ్లు ఆ అయిదు సెకన్లు మరిచిపోకూడదు.

సాఫ్ట్‌వేర్ల చరిత్రలో డబ్బు కథ కూడా కలిసి ఉంటుంది. మిషిగన్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిగా ఉన్న థామస్ నోల్, తమ్ముడు జాన్‌తో కలిసి మొదలుపెట్టిన ఫొటోషాప్ 1990లో బజారుకొచ్చింది; ఇప్పుడు చందా కట్టి వాడుకోవాలి. బర్క్‌లీ విద్యార్థులిద్దరు 1996లో వదిలిన గింప్ ఉచితం. రంగులు దిద్దే డావిన్చీ ఒకప్పుడు పెద్ద స్టూడియోలకే అందేది. 2009లో బ్లాక్‌మ్యాజిక్ కంపెనీ కొన్నాక దాని ఉచిత రూపం ఎవరైనా దింపుకోవచ్చు. మన సినిమావాళ్లు డీఐ అని పిలిచే ఈ పని నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లకు అంతకంటే మంచి బడి లేదు.

బ్లెండర్ కథ వీటన్నిటికంటే గొప్పది. నెదర్లాండ్స్‌కు చెందిన టాన్ రోజెండాల్ తయారుచేసిన ఈ త్రీడీ సాఫ్ట్‌వేర్ 2002లో కంపెనీ దివాలాతో మూతపడే స్థితికొచ్చింది. లక్ష యూరోలిస్తే హక్కులు వదులుకుంటామని పెట్టుబడిదారులన్నారు. వాడేవాళ్లే ఏడు వారాల్లో చందాలు పోగుచేసి ఆ మొత్తం చెల్లించారు. అప్పటినుంచి అది అందరిదీ. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కారు గెలిచిన లాత్వియా దర్శకుడి సినిమా ‘ఫ్లో’ బ్లెండర్‌లో తయారైందే.

మన ఊళ్లలో డిజిటల్ మీడియా అంటే ముందు గుర్తొచ్చేది ఫ్లెక్సీ దుకాణం, కోరల్‌డ్రా. అక్కడ తరచూ ఒక వాదన వినిపిస్తుంది: 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లేకపోతే బొమ్మ పగిలిపోతుందని. పుస్తకానికి అది నిజం, అడుగు దూరంలో పట్టుకుని చదువుతాం కాబట్టి. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఫ్లెక్సీకి 300 లెక్కన వంద కోట్లకు పైగా పిక్సెళ్లు కావాలి, కంప్యూటరు కదలదు. రోడ్డు అవతల నుంచి చూసేదానికి 72 సరిపోతుంది. అక్షరాలు, లోగోలు వెక్టార్‌గా, అంటే గళ్లుగా కాక గీతల సమీకరణాలుగా ఉంటే ఏ కొలతకైనా పదును తగ్గదు.

ఇక తెలుగు అక్షరం. తెలుగులో మీడియా పనిచేసేవాళ్లను ఇంతగా ఏడిపించిన సమస్య మరొకటి లేదు. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే ప్రమాణం అది) ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఈ ఆరింటినీ చదివి, ఏది కిందికి వెళ్లాలి, ఏది పక్కకు రావాలి, గుడి ఎక్కడ కూర్చోవాలి అని తేల్చే పని ‘షేపింగ్ ఇంజన్’ది. అది లేని వీడియో ఎడిటర్‌లో టైటిల్ టైప్ చేస్తే వత్తులు విడివిడిగా పొల్లులతో నిలబడతాయి. ఇన్‌డిజైన్‌లో ‘వరల్డ్ రెడీ కంపోజర్’ ఎంచుకున్నాకే తెలుగు కుదురుకుంటుంది. గింప్, ఇంక్‌స్కేప్‌లలో హార్ఫ్‌బజ్ అనే ఉచిత ఇంజన్ ఆ పని చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ అదే. ఈ పని ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసొచ్చింది. ‘జ్ఞా’కు సంబంధించిన ఒకానొక సంకేతాల వరస కనబడగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. కొద్దిరోజుల్లో యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దాల్సి వచ్చింది.

యూనికోడ్ స్థిరపడకముందు డీటీపీ సెంటర్లు వేరే దారి పట్టాయి. పేజ్‌మేకర్, దాంట్లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లు. అక్కడ తెలుగు సంకేతాలంటూ లేవు. ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలను బొమ్మలుగా కూర్చారు. తలకట్టు ఒకచోట, వత్తు ఒకచోట. కాగితం మీద అచ్చు అందంగా వచ్చేది. ఆపరేటర్ల వేగం చూస్తే ముచ్చటేసేది. దశాబ్దాల తెలుగు పుస్తకాలు, పత్రికలు, పెళ్లిపత్రికలు, కరపత్రాలు అలాగే తయారయ్యాయి. కానీ కంప్యూటరు దృష్టిలో ఆ ఫైళ్లలో తెలుగు లేదు. వాటి పీడీఎఫ్‌లో ‘గురజాడ’ అని వెతికితే ఏమీ దొరకదు. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరస. మాట రూపాన్ని ఉంచి, మాటను వదిలేసిన ఫైళ్లవి.

పేజ్‌మేకర్ చివరి పెద్ద రూపం 7 వచ్చింది 2001లో. దాన్ని నడిపే పాత కంప్యూటర్లు ఒక్కొక్కటే మూలన పడుతున్నాయి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లున్నాయి, చాలావరకు పనిచేస్తాయి; జంట వత్తుల దగ్గర, మధ్యలో ఇంగ్లిషు మాటలొచ్చిన చోట తడబడతాయి. మార్చాక ఒక మనిషి కూర్చుని అసలు పుస్తకంతో పోల్చి చదవాలి. ఆ ఫైళ్లున్న ప్రచురణకర్త ఎవరైనా ఇప్పుడే చేయగల పని ఇది: పేజ్‌మేకర్ మూలఫైలు, అందులో వాడిన ఫాంటు, అచ్చుకు పంపిన పీడీఎఫ్, కన్వర్టరులోంచి వచ్చిన యూనికోడ్ పాఠం నాలుగూ ఒకే ఫోల్డరులో పెట్టి, రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించడం. దిద్దడానికి ఇంకో ఏడాది పట్టినా ఫరవాలేదు. ఫాంటు ఫైలు ఒక్కటి పోతే మాత్రం ఆ గుర్తుల వరసలోంచి పుస్తకాన్ని బయటికి తీయడం చాలా కష్టం.